ఒకెల్లోకు చోటు

అది 2020 జూన్ ఐదు, శుక్రవారం. మధ్యాహ్నం గుడ్డు కూర, పప్పుచారు. అంజిబాబు చింతపండు ఎక్కువ పిసికాడని మిగతావాళ్ళు ఏడిపిస్తున్నా పోశయ్య నవ్వలేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. గదిలోకి వచ్చి కిటికీలోంచి గేటు వైపు చూశాడు. మళ్ళీ వరండాలోకి పోయాడు. మళ్ళీ వచ్చాడు.

"ఏమ్రా పోశిగా, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" మంచం మీద నుంచి రాజమౌళి అడిగాడు. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. ఈడూ ఒకటే.

"ఒకెల్లో వచ్చిండు పటేలా. గేటు కాడ సంచి మీద కూసున్నడు."

ఒకెల్లో ఆ దుబాయ్ కూలీల క్యాంపుకు వాచ్‌మన్. ఉగాండా మనిషి. జ్వరమని తీసుకెళ్ళి, కరోనా కాదని తేల్చి ఆ పొద్దునే తిరిగి పంపారు. ఈలోగా అతని మంచం వేరొకరికి ఇచ్చేశారు. అల్ వర్సాన్‌లోని ఆ క్యాంపు మొత్తం మీద ఖాళీ మంచం ఒక్కటే ఉంది, ఈ గదిలో. కానీ గది అంటే ఒకే పొయ్యి, ఒకే వంట. అందుకని గదిలో అందరూ సరేనంటేనే కొత్త మనిషిని పంపడం క్యాంప్ బాస్ షాహుల్ పెట్టుకున్న పద్ధతి. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఒకెల్లోను దూరాన అల్ ఐన్‌లో ఉన్న షెడ్డుకు పంపుతారనీ, విమానాలు మొదలవగానే కంపెనీ ఇంటికి ఎక్కించేస్తుందనీ చెప్పి వెళ్ళాడు.

పోశయ్యకు ఒకెల్లో అంటే ప్రాణం. ఏడాదిగా అతని రాత్రి భోజనం గేటు దగ్గరి క్యాబిన్‌లో ఒకెల్లోతోనే. ఒకెల్లో తన బీన్స్‌లో సగం ఇటు వేసేవాడు, ఇతని కూరలో సగం తీసుకునేవాడు. ఇద్దరి మధ్యా ఉన్న హిందీ నాలుగు మాటలు. "ఆ నల్లోని పక్కన కూసుంటేనే నీకు అరుగుతదారా" అని రాజమౌళి నవ్వేవాడు.

అంజిబాబు చల్లటి నీళ్ళ సీసా ఒకటి తెచ్చి, గేటు దగ్గర ఇచ్చి రమ్మని పోశయ్య చేతిలో పెట్టాడు. పోశయ్య వెళ్ళి వచ్చేసరికి గదిలో మాటలు మొదలయ్యాయి.

ముందుగా నబీ రసూల్ సరేనన్నాడు. కడప మనిషి, టైల్స్ మేస్త్రీ. నమాజులో తన పక్కన నిలబడే సూడాన్ వాళ్ళ రంగు తానెప్పుడూ చూడలేదన్నాడు. అంజిబాబుకూ అభ్యంతరం లేదు. రాజమౌళే అడ్డం తిరిగాడు. వాళ్ళ తిండి వేరు, వాసన వేరు, పైగా రోగం పోయిందో లేదో ఎవరికి తెలుసన్నాడు. గదికి పెద్ద అతనే. అతను కాదంటే కానట్టే.

అంజిబాబు వాదనకు దిగలేదు. ఫోన్‌లో ఒక వీడియో పెట్టి రాజమౌళి చేతికిచ్చాడు. అమెరికాలో పోలీసు మోకాలి కింద ప్రాణం వదిలిన నల్లజాతి మనిషి కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు మీదికి వస్తున్న రోజులవి. రాజమౌళి చాలాసేపు చూశాడు.

"ఊపిరాడ్తలేదని మనిషి మొత్తుకుంటుంటే..." అని ఆగిపోయాడు.

తణుకులో డిగ్రీ చదివిన అంజిబాబు మెల్లగా పాత సంగతులు ఎత్తాడు. అరవై ఏళ్ళ కిందట అక్కడ కొన్ని హోటళ్ళలో నల్లవాళ్ళను కూర్చోబెట్టి వడ్డించేవారు కాదట. కొందరు కాలేజీ కుర్రాళ్ళు వెళ్ళి బల్ల ముందు కూర్చున్నారట. వడ్డించకపోయినా లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చి కూర్చున్నారు. తర్వాత వేరే ఊళ్ళలో నెత్తిన పంచదార కుమ్మరించినా కదల్లేదు.

గుమ్మంలో నిలబడి వింటున్న పోశయ్య అడిగాడు.

"ఆఖరికి పెట్టిన్రా?"

"పెట్టారు. నెలలు పట్టింది."

"ఊకె కూసుంటే పెట్టిన్రా?"

"కూర్చోవడమే కష్టం పోశయ్యా."

బయట ఎండ తగ్గుతోంది. గేటు దగ్గర షాహుల్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ ఒకెల్లో సంచి వైపు చెయ్యి చూపిస్తున్నాడు. పోశయ్య గొంతు సవరించుకున్నాడు.

"పటేలా, మిమ్ముల ఏనాడు ఏదడగలె. గీ ఒక్కటి అడుగుతున్న. ఆయన పోతే మళ్ల రాడు."

రాజమౌళి ఫోన్ అంజిబాబుకు తిరిగి ఇచ్చేశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"తోల్కరాపో. మనిషిని తిండికాడ దూరం పెడితె పాపం తగుల్తది."

పోశయ్య చెప్పులు మరిచి, కాలుతున్న సిమెంటు మీద పరుగెత్తాడు.

ఆ పూట అంజిబాబు కోడి కూర వండాడు. నేల మీద పాత పేపర్లు పరిచారు. ఒకెల్లో స్నానం చేసి వచ్చి, గోడవారన ఒదిగి కూర్చోబోతుంటే రాజమౌళే చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గిన్నెలో వెతికి కాలు ముక్క తీసి అతనికి వేశాడు. అంతలో ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. రాజమౌళి భార్య ఐలవ్వ. ఆ పక్కనున్న ఆయనెవరని అడిగింది.

"మనోడే. ఇగ మాతోనే తింటడు. రంగుల ఏమున్నదే, మనుషులంత ఒక్కటే."

ఒకెల్లో ఫోన్‌కు చెయ్యెత్తి భాభీకి సలాం చెప్పాడు. అటు నవ్వులు, ఇటు నవ్వులు. నబీ రసూల్ అన్నం వడ్డిస్తూ, మన గది అమెరికాను దాటిపోయిందన్నాడు.

ఒకెల్లో మొదటి ముద్ద ఎత్తబోయి ఆగాడు. తన పక్కన నేల మీద అరచేత్తో తట్టి, పోశయ్యను రమ్మన్నాడు. పోశయ్య నవ్వి, నువ్వు తిను అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఊళ్ళో పటేలు ఇంటి దగ్గర మాదిరిగానే, తన పళ్ళెం తీసుకుని బయటికి వెళ్ళి, తలుపు మెల్లగా మూశాడు.