మేక తల ఊపలేదు

తెల్లారితే యుద్ధం. అయినా ఆ రాత్రి మా బావ డెక్సియస్ సంబరం అంతా ఇంతా కాదు. మా అక్కకు కొడుకు పుట్టాడని సాయంత్రమే కబురొచ్చింది.

పొద్దున్నే ఆర్టెమిస్ దేవతకు బలివ్వాల్సిన మేకకు మేమిద్దరం కాపలా. నెత్తిన నీళ్లు చల్లితే మేక తల ఊపాలి. ఊపితే ఒప్పుకున్నట్టు. ఒప్పుకోని మేకను కోస్తే గెలుపు ఉండదు. ముందే చూద్దామని చెంబెడు నీళ్లూ చల్లేశాం. అది కదిలితేగా!

"అచ్చం మీ అక్కేరా! ఎంత బతిమాలినా ఊఁ అనదు," అన్నాడు బావ. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

అప్పుడు నా నెత్తిన చల్లగా ఒక నీటిబొట్టు పడింది. పైన మబ్బన్నది లేదు. ఇంకో బొట్టు పడి, నుదుటి మీదుగా ముక్కు కొసకు జారి గిలిగింతలు పెట్టింది. తల విదిలించబోయి, ఊపితే ఒప్పుకున్నట్టేనని గుర్తొచ్చి ఆగిపోయాను. మేక నెమరు ఆపేసి నన్నే చూస్తోంది.

"బావా, నీళ్లు చల్లావా?"

"చెంబు ఎప్పుడో బోర్లించానుగా. ఒరేయ్ మిక్కోస్, అసలు సంగతి మర్చిపోయా! పిల్లాడికి నీ పేరే పెడదామందట మీ అక్క. సరేనా?"

నేను మెడ బిగించుకుని కూర్చున్నాను. కొండ కింద మా ఊళ్లో ఒక్క దీపమే వెలుగుతోంది. అది అక్కావాళ్ల ఇల్లు. రేపు ఓడిపోతే ఆ దీపం ఉండదు.

"మేకలాగా నువ్వూ మొండికేశావేంట్రా?"

నాకు సంతోషం పొంగుకొచ్చింది. పైకి చూసి, నవ్వుతూ తల ఊపాను.

మేక మళ్లీ నెమరు వేయడం మొదలుపెట్టింది.