ఎర్రపొడి బ్యాటరీ

“ఒక్క బ్యాటరీ సెల్లు కూడా నేను చెయ్యలేదంటారా సార్?”

“ఒక్కటి కూడా,” అన్నాడు ప్రొఫెసర్ ఢిల్లీశ్వరరావు, ప్రేమకుమారి వైపు చూడకుండానే.

ఎదురుగా కలకత్తాలోని ఆ యూనివర్సిటీ డీన్ మిత్రా మేడమ్ కూర్చుంది. ఆమె ముందు కిందటి నెల అచ్చయిన పరిశోధనా పత్రం ఉంది. అందులోది లిథియం బదులు పొటాషియంతో నడిచే బ్యాటరీ. ఎలక్ట్రోడుకి లోహం కాకుండా ఎర్రటి సేంద్రియ పొడి వాడారు. మామూలుగా ఆ పొడి బ్యాటరీలో పోసే ద్రవంలో కరిగిపోతుంది. కరగకుండా దాన్ని మార్చడానికి ప్రేమకుమారికి అయిదేళ్లు పట్టింది. ఇప్పుడు గ్రాము పొడికి ఇంతవరకూ ఉన్నదానికి రెట్టింపు ఛార్జి పడుతోందని పత్రంలో ఉంది.

ఆమె పేరు మాత్రం లేదు. ప్రొఫెసర్ పేరుంది, ఆయన మేనల్లుడు ఆదిత్య పేరుంది. పత్రంలో పేరు లేకపోతే ఆమె డాక్టరేటు ఇంకో రెండేళ్లు వెనక్కి పోతుంది.

“పొడి తయారుచేసింది?” ప్రేమకుమారి అడిగింది.

“ఆదిత్య.”

“తూచింది?”

“ఆదిత్యే.”

“లెక్కలు కట్టింది?”

“ఎన్నిసార్లు చెప్పాలి? ఈ పిల్ల గాజుసామాను కడిగేది మేడమ్. ఏక్‌బాల్‌పూర్ బస్తీలో ఉండే ఓడరేవు కూలీ కూతురు. మా తెలుగువాళ్లే కదా అని జాలిపడి చేర్చుకుంటే, ఇదీ వరస.”

ప్రేమకుమారి డీన్ వైపు తిరిగింది.

“ఆ మాటే రాసి సంతకం పెట్టమనండి మేడమ్.”

ప్రొఫెసర్ నవ్వుతూ రాశాడు. ప్రతి సెల్లూ, ప్రతి కొలతా ఆదిత్య చేసినవే, దగ్గరుండి చూసింది తానే, ప్రేమకుమారి చెయ్యి ఎక్కడా పడలేదు అని.

“నీ దగ్గర రుజువేమైనా ఉందామ్మా?” మేడమ్ గొంతు మెత్తబడింది.

“నా నోటుపుస్తకాలు సార్ తీసేసుకున్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను మేడమ్. ఆ కాగితం నకలు ఒకటి ఇప్పించండి.”

“ఇప్పటికి బుద్ధొచ్చింది,” అన్నాడు ప్రొఫెసర్. “సోమవారం సెక్టార్ ఫైవ్ నుంచి ఈ బ్యాటరీ కొనబోయే కంపెనీవాళ్లు వస్తున్నారు మేడమ్. సెల్లు వాళ్ల చేతుల్తో మళ్లీ చేసి చూసుకుంటారట. ఈ గొడవ ఈలోపే తేలిపోయింది, నయం.”

గేటు బయట తండ్రి గవరయ్య మట్టికప్పులో టీ చల్లారబెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పేరేస్తామన్నారేటమ్మా?”

“లేదు నాన్నా. వదిలేశాను.”

“ఒగ్గేసినావా! అయిదేళ్ల కష్టం తీసుకెళ్లి ఆడి మేనల్లుడికి రాసిచ్చీసినావా? మొహమ్మీద నాలుగు అడగలేకపోయినావేటి?”

“అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు. సంతకం కూడా పెట్టాడు.”

“ఆ కాయితం మనకేటికి?”

“దాచు. సోమవారం దాకా.”

“సోమారం ఏటవుద్ది?”

“కంపెనీవాళ్లు పొడి మళ్లీ తూస్తారు.”

“తూస్తే?”

“ఆ రెట్టింపు ఛార్జి తేలదు. మొదట తప్పు తూచింది నేనే నాన్నా.”