మేస్త్రిగారి దెయ్యాల కొంప

“ఈ తలుపుకి మాత్రం నూనె పెట్టకన్నయ్యా, నీకు దండం పెడతాను,” అని లోపలికి కేకేస్తూ తమ్ముడు వీధి తలుపును మెల్లగా తోశాడు. తలుపు కిర్రుమని పొడుగ్గా మూలిగింది. వెనక నిలబడ్డ బక్కోడు ఫోను ఎత్తి ఆ మూలుగంతా పట్టుకున్నాడు. వాళ్లు తీయబోయే దెయ్యం సినిమాకి ఈ బక్కోడే కెమెరామన్. కెమెరా అంటే ఆ ఫోనే, అదీ ఓ మూల పగిలింది.

అన్నగారు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే హాల్లోకి వచ్చాడు. ఆయన ఇళ్ల మరమ్మతుల మేస్త్రి. ఎవరి గోడ బీటలిచ్చినా, ఎవరి కుళాయి కారినా ముందు ఆయనకే కబురు. ప్లంబరూ, వడ్రంగీ, కరెంటు పనివాడూ, రంగులవాడూ అందరూ ఆయన చేతికింది వాళ్లే. సొంతింటికి మాత్రం ఎప్పుడడిగినా వచ్చే వారమే.

“పొద్దున్నే ఏమిట్రా ఈ తలుపుల గోల?”

“లొకేషన్ చూసుకుంటున్నాం. మూతబడ్డ మిల్లు చూశాం, పాత గోడౌను చూశాం, ఏదీ నప్పలేదు. నీ ఇల్లయితే సెట్టు వెయ్యక్కర్లేదన్నయ్యా. దెయ్యం వచ్చి కూర్చోవడమే తరువాయి.”

మేస్త్రి బుగ్గ మీద బ్లేడు ఆగిపోయింది.

“మళ్లీ అను.”

ఆ పని అప్పటికే వంటింట్లో దూరిన బక్కోడు చేశాడు. “అన్నా, ఈ కుళాయి టప్పు టప్పుమని ఎంత భయంగా కారుతోందో. సౌండుకి వెతుక్కోనక్కర్లేదు. ఆ నడవలో ట్యూబులైటు తనంతట తనే కొట్టుకుంటోంది. లైటింగు కూడా అయిపోయినట్టే.”

“మిగతా సామానంతా వదిన ఇస్తానంది,” అన్నాడు తమ్ముడు హుషారుగా. “ఫోను పెట్టి తొయ్యడానికి గ్యాసుబండ కింది చక్రాల స్టాండు, మైకు కట్టడానికి మాపు కర్ర, పొగకి కుక్కరు. ఆదివారం ఒక్కరోజులో అయిపోతుంది. దెయ్యం వేషం కట్టే అమ్మాయికి మళ్లీ సెలవు దొరకదు.”

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. పెడుతోందనడం కన్నా మంచం మీదికి విసిరి కొడుతోందంటే సరిపోతుంది.

“నువ్విస్తానన్నావా?”

“అన్నాను. పిల్లాడు నోరు తెరిచి అడిగాడు. మీరెటూ ఈ ఇంట్లో దేన్నీ ముట్టుకోరు, వాణ్నయినా ముట్టుకోనివ్వండి.”

“అంటే నా ఇల్లు దెయ్యాల కొంపా?”

“నేనెక్కడన్నాను? కెమెరామన్ గారన్నారు.”

బక్కోడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

“అసలు సీను బాత్రూములో అన్నయ్యా,” తమ్ముడు ఆపలేదు. “మొన్న గడియ బిగుసుకుపోయి మీ పాప లోపల చిక్కుకుపోయింది చూడు, అచ్చం అలాగే. ఆ గడియ ఎక్కడ మార్చేశావోనని భయపడుతూ వచ్చాను. మార్చలేదు, బతికించావు.”

“పాప ఊసెత్తకు,” అన్నాడు మేస్త్రి.

“ఎందుకెత్తకూడదు?” ఆవిడ చేతిలోని చొక్కా కింద పడింది. “ఆ తలుపు బాదుతూ అది ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఎంత నటించినా అలాంటి ఏడుపు ఎవరికి వస్తుంది? పెట్టుకోనీండి సినిమాలో. నలుగురూ చూస్తారు.”

“చివర్లో నీ పేరు కూడా వేస్తాం,” అన్నాడు తమ్ముడు. “ఇల్లిచ్చిన మేస్త్రిగారికి కృతజ్ఞతలు అని, పెద్ద అక్షరాల్లో. మన వాళ్లందరి ఫోన్లలోకీ వెళ్తుంది.”

అంతే. మేస్త్రి తువ్వాలు నేలకేసి కొట్టాడు.

“అపార్టుమెంటు వాళ్లు ఈ వారమే నాకు పని ఖాయం చేస్తామన్నార్రా. వాళ్ల కంట ఇది పడితే? వీడింటికే దిక్కులేదు, మన బిల్డింగు ఏం బాగుచేస్తాడని మొహం మీదే తలుపేస్తారు. నా నోట్లో మట్టి కొట్టడానికి వచ్చావా?”

నురగ ఆరిపోయిన మొహంతోనే ఫోను తీశాడు. వడ్రంగికి, ప్లంబరుకి, కరెంటు పనివాడికి, రంగులవాడికి అందరికీ ఒకటే మాట. చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి తన ఇంటికి రమ్మన్నాడు.

వాళ్లు వచ్చేసరికి ఆవిడ బాత్రూము గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆదివారం దాకా ఆగితే మీ సొమ్మేం పోయింది?”

“ఆగను.”

“వాడి సినిమా చెడగొట్టి ఏం బావుకుంటారు?”

“తప్పుకో.”

“తలుపుకి నూనె పెట్టుకోండి, కుళాయి మార్చుకోండి. ఈ గడియ ఒక్కటీ వాడికి వదిలెయ్యండి. అదే అసలు సీను.”

మేస్త్రి పళ్లు పటపటలాడించాడు. “ముందు గడియే పీకరా,” అన్నాడు వడ్రంగితో.

ఆ వారమంతా ఇంట్లో సుత్తి మోతా, వాళ్లిద్దరి అరుపులూ పోటీ పడ్డాయి. ఆవిడ పనివాళ్లకి మంచినీళ్లు ఇచ్చింది గాని మొగుడితో మంచిమాట ఆడలేదు. శనివారానికి తలుపు నోరు మూసుకుంది. కుళాయి కట్టుబడింది. ట్యూబులైటు కుదురుగా వెలిగింది. పెళ్లలూడిన గోడలన్నీ లేత పసుపు రంగులో మెరిశాయి. పాప తనంతట తాను బాత్రూములోకి వెళ్లి, గడియ వేసుకుని, తీసుకుని, మళ్లీ వేసుకుని ఆడుకుంటోంది.

తమ్ముడు వచ్చి ఇల్లంతా కలయజూసి, గడప మీద కూలబడి తల పట్టుకున్నాడు.

“ఇప్పుడు తియ్యరా,” అన్నాడు మేస్త్రి చేతులు దులుపుకుంటూ. “సిగ్గున్న దెయ్యమయితే ఈ గుమ్మం తొక్కదు.”

“నెగ్గారు కదా, ఇక వెళ్లండి,” అంది భార్య కొరకొరా చూస్తూ. “మీ మొహం చూడాలని లేదు నాకు.”

మేస్త్రి ఈల వేసుకుంటూ స్కూటరెక్కాడు. స్కూటరు మలుపు తిరిగే దాకా ఆవిడ గేటు దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి, తల పట్టుకునే ఉన్న మరిది పక్కన గడప మీద కూర్చుంది.

“మన సినిమా హిట్టయింది గాని, రెండోదానికి మేడమెట్లు చూసిపెట్టుకో, రెయిలింగు లేదు,” అంది మెల్లగా.