మిషన్ ఎక్కే పేర్లు

శంకరవ్వ తడి తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తెర ఆడిస్తోంది.

లోపల, తలుపుకు వేలాడే పాత చీర వెనక, కూతురు కనకవ్వ చుట్టిన బీడీలకు దారం కడుతోంది.

వాకిట్లో చెప్పుల చప్పుడు ఆగింది.

“జర మంచినీళ్లిస్తవా అవ్వా?”

యాభై దాటిన మనిషి. జుట్టంతా నెరిసింది. భుజానికి సంచి. మాట ఈ దిక్కుదే, మనిషి మాత్రం ఈ ఊరివాడు కాడు.

నీళ్లిచ్చింది. తాగి, అరుగు మీద కూర్చున్నాడు. సంచిలోంచి నోటుబుక్కు తీశాడు.

శంకరవ్వ మళ్లీ కత్తెర అందుకుంది, చూపు మాత్రం ఆ నోటుబుక్కు మీదే.

రెండేళ్ల కింద ఇట్లాగే ఒకడు సంచి తగిలించుకుని వచ్చాడు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నాడు. మూడో నాడు పోలీసు జీపు వచ్చింది. మూలింటి కొమురెల్లిని ఎక్కించుకుని పోయింది. కొమురెల్లి ఇప్పటికీ రాలేదు.

ఆనాటి నుంచి ఈ వాడలో కొత్త మనిషికి ఎవరూ పేరు చెప్పరు.

“ఏడో తరగతి పాసయ్యి ఇంట్ల కూసున్న ఆడపిల్లలు గీ వాడల ఎందరున్నరవ్వా?”

కత్తెర ఆగిపోయింది.

పక్క ఊళ్లో బాగా చదివే పిల్ల ఒకతి పోయిన ఎండాకాలం అన్నల్లో కలిసి అడవిలోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాలుగక్షరాలు వచ్చిన ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటి మీదా పోలీసులకు అనుమానమే.

ఎదురింటి గంగుబాయి తన అరుగు మీంచే అందుకుంది.

“ఏం సారూ, సంబంధాలు చూస్తున్నవా? మా వాడల అందరికి మొగపిల్లలే పుట్టిండ్రు. పో, ఇంకో వాడ చూసుకో!”

“గంతమంది మొగపిల్లలుంటే గీ బీడీలు ఎవరు చుడుతుండ్రక్కా?”

గంగుబాయి కిసుక్కున నవ్వింది. శంకరవ్వకు నవ్వు రాలేదు. ఆయన చూపు అరుగు మీది చాటల వైపు పోయింది. రెండు చాటలు. రెండు కత్తెరలు.

“గా రెండోది ఎవరిదవ్వా?”

“మా ఆయనది.”

“ఆయన ఏడున్నడు?”

“సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడుపుతడు. పండుగకే వస్తడు.”

అనేసి నాలుక కరుచుకుంది.

ఆయన చిన్నగా నవ్వాడు. గుచ్చి అడగలేదు.

“ఫికర్ చెయ్యకవ్వా. బడి తరఫున వచ్చిన. బళ్లెకు కొత్త మిషన్ వచ్చింది. గీ పిల్లల పేర్లే ముందుగాల దాని మీద ఎక్కియ్యాలె.”

మిషన్!

కొమురెల్లిని పట్టుకుపోయిన నాడు జీపులో మిషన్ ఉండటం శంకరవ్వ కళ్లారా చూసింది. అందులోంచి గరగరమంటూ ఎవరో మాట్లాడారు. పోలీసాయన దాన్ని నోటి దగ్గర పెట్టుకుని కొమురెల్లి పేరు చెప్పాడు. పేరు మిషన్ ఎక్కితే మనిషి తిరిగి రాడని ఆమెకు ఆనాడే అర్థమైంది.

“ఎక్కినంక ఏం జేస్తరు?”

“ఏమున్నదవ్వా? రోజు పొద్దుగూకినంక పిలుస్తం. గంటసేపు కూసుండబెట్టుకుంటం. మళ్ల ఇంటికి తోలిస్తం.”

కొమురెల్లిని కూడా గంటలో తోలిస్తామనే తీసుకుపోయారు.

“నాకు ఆడపిల్ల లేదు సారూ. పుట్టనే లేదు.”

చీర వెనక గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి.

ఆయన అటు చూశాడు.

“పేర్లు రాసుకునేది ఇయ్యాల్టి వరకే అవ్వా. నాలుగు గంటల బస్సుకు నేను పోవాలె.”

“లేదన్న గద సారూ!”

ఆయన నోటుబుక్కు మూశాడు. చెంబు ఆమె చేతికిచ్చి, వాడ దాటి వెళ్లిపోయాడు.

నాలుగు గంటల హుజూరాబాద్ బస్సు హారన్ వినబడేదాకా శంకరవ్వ కూతుర్ని బయటికి రానివ్వలేదు.

పొద్దుగూకే వేళ ప్రమోదిని పంతులమ్మ వచ్చింది. కనకవ్వకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పింది ఆవిడే.

“కనకవ్వ పేరు ఎందుకు రాయియ్యలే శంకరవ్వా?”

“మెల్లగ మాట్లాడు పంతులమ్మా! గాయన పోలీసాయన.”

“పోలీసేంది? బళ్లెకు కంప్యూటర్ వచ్చింది. టీవీ లెక్క ఉంటది, మనం చెప్పినట్టు లెక్కలు చేస్తది. బడి మానేసిన ఆడపిల్లలకు పది సీట్లు పెట్టిండ్రు. గది నేర్చుకుంట మళ్ల ఎనిమిదిల చేరొచ్చు.”

శంకరవ్వ పంతులమ్మ చెయ్యి పట్టుకుంది.

“అయితె ఇప్పుడు రాసుకో. కనకవ్వ. నా బిడ్డె. ఏడు పాసైంది.”

“జాబితా నాలుగు గంటల బస్సుల పోయింది. మీ వాడల ఒక్క పేరు గూడ దొరకలే. ఖాళీ ఉంచద్దని హెడ్మాస్టరు లింగమూర్తి సారు మొగపిల్లల పేర్లు రాసి నింపిండు.”

చీర పక్కకు జరిగింది. కనకవ్వ తలుపు దగ్గర నిలబడింది.

శంకరవ్వ కూతురి వైపు చూడలేకపోయింది. కోపం పంతులమ్మ మీదికి మళ్లింది.

“నువ్వు రావద్దా? నువ్వడుగుతె చెప్పకపోదునా? ఎన్నడు చూడని గా ముసలాయన్ను ఎందుకు తోలిండ్రు?”

ప్రమోదిని తల వంచుకుంది.

“ఎవ్వలు తోలలే. గాయనంతట గాయననే వచ్చిండు. పేర్లు తెమ్మని ముందుగాల మాకే చెప్పిండు. నేను మా అన్న కొడుకుల పేర్లు రాసుకపోయిన. తక్కిన పంతుళ్లు గూడ అట్లనే చేసిండ్రు. ‘గీ పిల్లలు మీరు నేర్పకున్నా నేర్చుకుంటరు’ అని కాగితాలు మా చేతుల్లనే పెట్టిండు.”

“మీకే పని చెప్పెటందుకు గాయన ఎవరు?”

“కరీంనగర్‌ల మాకు, పంతుళ్లకు, కంప్యూటర్ నేర్పిన సారు” అని ప్రమోదిని అంటుండగానే, కనకవ్వ ఇద్దరి నడుమ నుంచి గడప దాటి, బడి దారిన వెళ్లిపోయింది.