హీరోయిన్‌కి గడి లేదు

గోకులకృష్ణన్‌కి జాతకాలు కలిశాయి. ఇంక మిగిలినవి పెళ్లిచూపులు, విసారణ. చూపుల గురించి అతనికి బెంగ లేదు, ఇంట్లో అద్దం ఉంది. భయమంతా విసారణ గురించే.

కోయంబత్తూరు తెలుగిళ్లలో విసారణ లేనిదే పిల్లనివ్వరు. పిల్లవైపు మనిషి ఒకరు, ముఖపరిచయం లేనివారు, అబ్బాయి ఉండే వీధికి వస్తారు. టీకొట్టులో కూర్చుని, కబుర్ల మధ్య అబ్బాయి గుణం ఆరా తీస్తారు. వచ్చినట్టు అబ్బాయికి తెలిస్తే అది విసారణే కాదు. ఆ మనిషి తిరిగి వెళ్లి ఏం చెబితే అదే తీర్పు.

అందుకని అతని తల్లి సౌందరం తాముండే పీలమేడులో ముందే కట్టుదిట్టం చేసుకుంది. టీకొట్టాయనకు, పూలమ్మే వల్లికి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మునికి పాఠం చెప్పింది.

"ఎవురొచ్చి అడిగినా మా గోకులుకి కోపమే రాదని చెప్పాల, తెలిసిందా?"

ముని తల ఊపాడు. బండి అడ్డంగా పెట్టించాడని కిందటి వారమే గోకులు చేత నానా తిట్లూ తిన్నవాడు, పాపం. కాకిపిల్ల కాకికి ముద్దు.

పిల్ల పేరు చారులత. ఆర్.ఎస్. పురంలో ఇల్లు. బయోడేటాలో చదువు, ఉద్యోగం, ఇష్టాయిష్టాలు అన్నీ నిండుగా రాసి పంపారు. గోకులు ఫోటో చూశాడు. చీర బాగుందన్నాడు. పాడుతుందేమో కనుక్కోమన్నాడు. రెండో పేజీ తిప్పలేదు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని, లేకపోతే అసలు పెళ్లే వద్దని మాత్రం భీష్మించుకుని కూర్చున్నాడు.

ఇంతకీ అతనికి చదివే తీరిక ఎక్కడిది? ఆఫీసు పని ముగిశాక ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాస్తున్నాడు. సినిమాలను విశ్లేషించేవాళ్లు సీన్లని, షాట్లని, పాత్రలని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకుంటారు కదా. ఈ లైబ్రరీ ఆ సమాచారాన్నంతా గళ్లలో సర్ది, ఎవరికి కావలసిన రూపంలోకి వాళ్లకు మార్చి ఇస్తుంది. ఉచితంగా వాడుకోవచ్చు. గోకులు తన బయోడేటాలో దాని చిరునామా కూడా వేయించాడు. తప్పు కనబడితే దాని పేజీలోనే ఫిర్యాదు రాయవచ్చు. సౌందరం మాత్రం మావాడు లైబ్రరీ నడుపుతున్నాడని చుట్టాలందరికీ చెప్పింది. వాళ్లు చాలా జాలిపడ్డారు.

జాతకాలు మార్చుకున్న వారమే ఆ పేజీలో తొలి ఫిర్యాదు పడింది. పేరు ఉండవలసిన చోట 'బెంచీ టికెట్' అని ఉంది. ఆండిపట్టి పక్క పల్లెల్లో ఏ టూరింగ్ టాకీసులోనో ఈలలు వేస్తూ పెరిగినవాడై ఉంటాడని గోకులు తేల్చేశాడు.

మీ లైబ్రరీలో హీరోకి లక్ష్యం, భయం, వృత్తి, గతం అని గళ్లున్నాయి, హీరోయిన్‌కి దుస్తులు, పాటలు అని రెండే ఉన్నాయి, ఆమెకు ఏం కావాలో ఎక్కడ రాయాలి? ఇదీ ఫిర్యాదు.

గోకులుకి కోపం ముక్కుమీదే ఉంటుంది. "అవసరం లేదు. మూసేశాను" అని రాసి ఫిర్యాదు మూసేశాడు.

మళ్లీ వచ్చింది. రూపం మార్చేటప్పుడు హీరోయిన్ మాటలన్నీ రాలిపోతున్నాయట. అవసరం లేదు, మూసేశాను. ఇంకోటి వచ్చింది. ఆఖరి సీనులో ఆమె కాదు అంటే, లైబ్రరీ దాన్ని సిగ్గు అని మారుస్తోందట. ఈసారి గోకులు, ముందు సినిమా చూడటం నేర్చుకోరా అని కూడా చేర్చి మరీ మూసేశాడు. చెవిలో జోరీగలా తగులుకున్నా, బెంచీ టికెట్ ఒక్క దురుసు మాట అనలేదు. అది చూసి గోకులుకి ఇంకా ఒళ్లు మండింది.

పెళ్లిచూపుల రోజు ఆర్.ఎస్. పురంలో కేసరి, బజ్జీ పెట్టారు. పెద్దలు ఇద్దరినీ మాట్లాడుకోమని మేడమీదికి పంపారు. మాట్లాడింది గోకులే. తన లైబ్రరీ గురించి గోరంతను కొండంత చేసి చెప్పాడు. చారులత శ్రద్ధగా విన్నది. చివరికి, అండీకి బదులు అక్కడివాళ్లు పలికే 'అంగ' చేర్చి, మర్యాదగా ఒక్కటే అడిగింది.

"తప్పులు చెప్పేవాళ్లు ఉండారాంగ?"

"ఒకడుండాడు, పనిలేనోడు. వాడి నోరు ఎప్పుడో మూయించేస్తిని."

ఆమె నవ్వి తల తిప్పుకుంది. సిగ్గుపడిందనుకున్నాడు.

ఆ తర్వాత కబురు లేదు. గోకులుకి అన్నం సహించడం మానేసింది. సౌందరం పొద్దున్నా సాయంత్రం వెళ్లి మునిని అడిగేది. ఎవరూ రాలేదనేవాడు. వల్లి, టీకొట్టాయన కూడా నేర్చిన పాఠం అప్పజెప్పే దారి లేక దిగాలుగా ఉన్నారు.

"ఏమి సామి, ఎవురూ విసారించేకి రాలేదే. విసారించకుండా పొణ్ణుని ఎట్లిస్తారు?" అంది సౌందరం.

"నన్ను కళ్లారా చూసిరి కదమ్మా. ఇంక విసారణ ఎందుకు?"

అన్నాడే గానీ ఆ పిల్ల నవ్వు కళ్లలోంచి పోవడం లేదు. ఆమె కాదంటే తట్టుకోలేడు, అది మాత్రం నిజం.

అంతలో ఫోను మోగింది. లైబ్రరీ పేజీలో బెంచీ టికెట్ మళ్లీ ఏదో రాశాడు. ఇవాళ వీడి అంతు చూడాల్సిందేనని గోకులు పళ్లు కొరుకుతూ తెరిచాడు.

"మా ఇంట్లో మీ విసారణ ముగిసిందంగ, మీ సంబంధం అవసరం లేదు, మూసేశాను, ఇట్లు చారులత."