మురుగుకుంట చేపలు

“అమ్ముకున్నావా, వండుకున్నావా?” మురుగుకుంట గట్టు మీద నిలబడి అడిగాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ భవానీప్రసాద్.

“ఒక్క చేపని ముట్టలేదండి,” అన్నాడు కుంట కాపలా చూసే ఏసురత్నం.

అది 1962. జగ్గయ్యపేట మురుగంతా ఆ కుంటలో చేరి, తేరుకుని, పశువుల గడ్డికి పారేది. అడుగు బురదలో ఎర్ర పురుగులు పెరిగి, రెక్కలొచ్చి, దీపం పెట్టేసరికి ప్రతి ఇంటికీ చుట్టాల్లా వచ్చేవి. కుట్టేవి కావు, అన్నంలో పడేవి. కిరసనాయిలు పోస్తే గడ్డి చస్తుందని, పురుగుల్ని తినడానికి భవానీప్రసాదే నందిగామ నుంచి రెండు బిందెల్లో బంగారుతీగ చేపపిల్లల్ని తెచ్చి వదిలాడు. బస్సులో జనం ఒకరి మీద ఒకరు పడి ఆ బిందెల్లోకి తొంగిచూశారు. ఇప్పుడు ఆ బస్సులూ లేవు, బిందెకి కూడా టిక్కెట్టు కొట్టిన ఆ కండక్టర్లూ లేరు.

మూడు నెలలైనా పురుగులు మాత్రం తగ్గలేదు.

“నా ఇడ్లీల మీద నువ్వులు చల్లినట్టు వాలుతున్నాయండి,” ఫిర్యాదు చేసి వెంట వచ్చిన హోటల్ రత్తయ్య అందుకున్నాడు. “పురుగుల్ని తినాల్సిన చేపల్ని ఈయన తినేస్తే ఇంకేం తగ్గుతాయి?”

“నిజం చెప్పకపోతే రేపట్నించి పనిలోకి రావద్దు,” అన్నాడు భవానీప్రసాద్.

ఏసురత్నం నీళ్ల అంచుకి నడిచాడు. అతని నీడ పడగానే నీళ్లు కదిలాయి. జానెడేసి చేపలు వందలకొద్దీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

రత్తయ్య నోరు మూసుకున్నాడు.

“పెళ్లిభోజనం చేసినట్టున్నాయే,” అన్నాడు భవానీప్రసాద్. “ఎవరయ్యా వీటిని మేపుతోంది?”

“రోజూ పొద్దున్నే ఒక పెద్దావిడ చేటెడు మరమరాలు పోసి పోతారండి. కడుపు నిండాక పురుగు జోలికి ఎందుకెళ్తాయి?”

“మరి నువ్వేం చేస్తున్నావ్?”

“వద్దనే చెప్పానండి. మూగజీవాల చేత మురుగులో పురుగులు తినిపిస్తే ఆ పాపం ఇంటికి చుట్టుకుంటుందని ఆవిడ భయం. కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఎవరికీ చెప్పనని మాటిచ్చా.”

“ఉద్యోగం పోతుంటే మాటేంటయ్యా నీకు? పేరు చెప్పు. ఇవాళే కేసు రాస్తా.”

ఏసురత్నం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“సుబ్బమ్మగారండి. మీ అమ్మగారు.”