మెత్తటి పెడల్

ఎడమకాలు ఇలా ఆనించాడో లేదో, క్లచ్ పెడల్ అలా నేలకంటుకుంది. అద్దాలాయన ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ తొక్కి చూశాడు. బరువు లేదు, బిగువు లేదు. ఇరవై రెండేళ్లుగా తను తోలుతున్న పాత పికప్ ఎవరో పరాయివాళ్ల బండిలా ఉంది.

తలుపు తీసుకుని కిందికి దూకాడు. మోకాలు కలుక్కుమంది. ఆ కోపం కూడా బావమరిది మీదే పడింది.

"ఒరేయ్, నా క్లచ్ రాడ్ ఏదిరా?"

మెకానిక్ షెడ్డు మూల కూర్చుని స్పానర్లు తుడుచుకుంటున్న బావమరిది తలెత్తలేదు. "తీసేశాను బావా. హైడ్రాలిక్ వేశాను."

"వెయ్యమని ఎవడు చెప్పాడు? పాత రాడ్డే ఉంచు, అరిగిన చోట బుష్షులు మార్చు చాలు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను కదా!"

"పోరావు."

"మొన్న ఫోన్ చేసి మళ్లీ అడిగావు, హైడ్రాలిక్ అయితే తేలిగ్గా ఉంటుంది బావా అని. ఏమన్నాను?"

"వద్దన్నావు."

"మరి?"

బావమరిది ఇంకో స్పానరు అందుకుని తుడవసాగాడు.

అద్దాలాయనకు ఒళ్లు మండిపోయింది. ఆయన బతుకే అద్దాలు మోసే బతుకు. నిలువెత్తు అద్దాలను బండి వెనక చెక్క ఫ్రేముకు ఆనించి, మధ్యమధ్య గోనెపట్టాలు దూర్చి, దుకాణాలకు చేరవేయాలి. బండి కదిలేటప్పుడు చిన్న కుదుపు వచ్చినా చాలు, ఏదో ఒక మూల చిట్లుతుంది. ఆ కుదుపు రాకుండా కాచుకునేది ఎడమకాలే. లోపల క్లచ్ ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో రాడ్డు వెంట పాకివచ్చి అరికాలికి తెలిసేది. బరువైతే బరువు, అది అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం.

"ఇందులో నాకేం తెలుస్తుందిరా? మధ్యలో ఆయిల్ పోసి కూర్చోబెడితే నా కాలికీ ప్లేటుకీ ఇంక మాటలుంటాయా? రేపు సీలు పోయి ఆయిలంతా కారిపోతే నడిరోడ్డు మీద నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. అదే రాడ్ వంగితే, రాయితో నాలుగు తగిలించి ఇంటికి రావచ్చు!"

"కొత్త సిలిండర్లు బావా, కారవు. ట్రాఫిక్‌లో కాలు పీకదు కూడా..."

"నా కాలు, నా ఇష్టం! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, నిన్ను నమ్మి బండి అప్పగిస్తే ఇదా నువ్వు చేసేది? బయటివాడైతే పోనీలే అనుకుందును. సొంత బావమరిదివి! ఆ రాడ్ ఇటు తే. నా కళ్లముందే బిగించు."

"లేదు బావా. పాతినుప సామాన్లవాడికి వేసేశాను."

అడక్కుండా తీయడం ఒక ఎత్తు, మళ్లీ పెట్టే వీల్లేకుండా పారేయడం ఇంకో ఎత్తు. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన మోసం.

"నన్నంటావేం?" బావమరిది గొణిగాడు. "అక్క వెయ్యమంది."

అద్దాలాయన గిర్రున వెనక్కి తిరిగాడు. ఎన్నడూ షెడ్డు మొహం చూడని భార్య ఇవాళ తనూ వస్తానని వెంటబడి వచ్చింది. గేటు పక్క స్టూలు మీద కూర్చుని చేతిసంచీ తాడు వేలికి చుట్టుకుంటోంది.

"నువ్వా?"

ఆమె తలూపింది.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే ఒప్పుకుంటారా?"

ఒప్పుకోడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మెట్ల మధ్యలో మోకాలు పట్టుకుని ఆగిపోవడం, క్లచ్ తొక్కడం తగ్గించమని డాక్టరు చెప్పడం, ఆమె రోజూ పొద్దున్నే వేణ్ణీళ్ల కాపడం పెట్టడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. డాక్టరు మాట తను గాలికొదిలేసినా ఆమె వదల్లేదన్నమాట. ఎదురుగా చెబితే వినని మొండిఘటానికి చాటుగా మేలు చేయడం తప్ప దారేముంది! కోపం ఇట్టే చల్లారింది. నోరు పారేసుకున్నందుకు సిగ్గేసింది కూడా.

"పిచ్చిదానా," అన్నాడు. "బండి నీ పేరున కొన్నాను కదా అని పెత్తనం కూడా నీదే అన్నమాట!"

ఆమె నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మాటకు మనసు కరిగిందనుకున్నాడు ఆ అమాయకుడు.

వెళ్లి బావమరిది భుజం తను తట్టాడు. "ఏదో నోరు జారానురా. మనసులో పెట్టుకోకు." తిట్లకు చెక్కుచెదరని మనిషి ఆ మాటకు కుంచించుకుపోయాడు.

అద్దాలాయన మళ్లీ సీట్లోకెక్కి బండి స్టార్ట్ చేశాడు. గేరు వేసి, పెడల్ మెల్లగా వదిలాడు. బండి నాలుగడుగులు ముందుకు జరిగింది. కుదుపు లేదు. మోకాలు కిక్కురుమనలేదు.

"ఫరవాలేదే!" కిటికీలోంచి భార్యకు వినపడేలా అరిచాడు. "రెండ్రోజుల్లో అలవాటు చేసుకుంటాలే. మధ్యాహ్నం సెలూన్ వాళ్ల అద్దాలున్నాయి, వాటితోనే మొదలుపెడతా!"

ఆమె తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు గేటు వైపు చూశాడు.

గేటు ముందు కారు ఆగింది. చేతికర్ర ఆసరాతో ఒక పెద్దమనిషి దిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. పికప్ చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కర్రతో తట్టి, డ్రైవర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"కాస్త దిగుతావా డ్రైవరూ? అమ్మగారు నిన్ననే బండి నాకమ్మి నా పేరున రాసిచ్చేశారు, నా కాలికి పనికొచ్చేలా క్లచ్ కూడా మార్పించారు, ఒకసారి తొక్కి చూసుకుంటాను."